మెలితిరిగిన మాటలు: 'డబ్ల్యూ-ఆర్' జంటతో ఒక కేస్ స్టడీ

పెద్ద మాటలకు బెదరనివాళ్లు చిన్న మాటల దగ్గర ఆగిపోవడం, పెద్దవాళ్లకు ఇంగ్లీషు చెప్పే నాలాంటివాళ్లకు తరచూ ఎదురయ్యే సంగతే. ఈ కేసులోని అభ్యాసకురాలు ముప్పైల్లో ఉన్న ఉద్యోగిని. తెలుగు మాతృభాష. ఆఫీసులో ఇంగ్లీషు రిపోర్టులు చదువుతారు, రాస్తారు, మీటింగుల్లో తడబడకుండా మాట్లాడతారు. 'ఇంప్లిమెంటేషన్', 'రీకన్సిలియేషన్' లాంటివి ఆవిడకు మంచినీళ్లప్రాయం. నవల తెరిస్తే మాత్రం మొదటి అధ్యాయం దాటలేకపోయేవారు.

"ప్రతి వాక్యంలో ఒక బుల్లి మాట అడ్డం పడుతోంది సార్. డిక్షనరీలో అర్థం దొరుకుతుంది. తెచ్చి వాక్యంలో పెడితే అతకదు" అన్నారు.

ఇందులో వింతేమీ లేదు. ఇంగ్లీషులోని పొడవాటి మాటల్లో ఎక్కువ భాగం లాటిన్ నుంచి, చాలాసార్లు ఫ్రెంచి మీదుగా వచ్చినవి. చదువులో, ఉద్యోగంలో మనకు తగిలేవి అవే. ఒక్కోదానికి దాదాపు ఒకటే పని ఉంటుంది. పొట్టి మాటల్లో ఎక్కువ జర్మానిక్ (ఇంగ్లీషు, జర్మన్, డచ్చిల ఉమ్మడి కుటుంబం) మూలానివి. అవి చేతుల చుట్టూ, ముఖం చుట్టూ, నొప్పి చుట్టూ తిరుగుతాయి. రిపోర్టులో ఎవరూ గుడ్డ పిండరు, నొప్పితో మెలికలు తిరగరు. నవలలో పేజీకొకరు ఆ పని చేస్తారు.

నోటుపుస్తకం చెప్పిన సంగతి

ఆవిడ శ్రద్ధలో లోపం లేదు. మొదటి రెండక్షరాలు కలిసే మాటలను ఒక్కో పేజీకి చేర్చి, ఎదురుగా ఒక్కో తెలుగు అర్థం రాసి పెట్టుకున్నారు. 'ఎస్-ఎన్'కి ఒక పేజీ, 'కె-ఎన్'కి ఒకటి, 'జి-ఎల్'కి ఒకటి. అన్నిటికన్నా నలిగిపోయింది 'డబ్ల్యూ-ఆర్' పేజీ. నేను కూడా అక్కడే మొదలుపెట్టాను.

ముందు ఒక మాట. ఈ జంటలో డబ్ల్యూ పలకదు, కాబట్టి తెలుగు లిపిలో రాస్తే దాని జాడే కనిపించదు. నేను ఇకపై రాసే రింగ్, రెంచ్, రెస్ట్, రైద్ లాంటివన్నీ, వేరే అని చెబితే తప్ప, ముందు డబ్ల్యూ ఉన్నవే.

ఆ పేజీలో రింగ్ ఎదురుగా 'మెలితిప్పు' అని ఉంది. రెంచ్ ఎదురుగా కూడా 'మెలితిప్పు' అనే ఉంది. రైద్‌కి 'మెలికలు తిరుగు', రిగిల్‌కీ అదే. ర్యాప్‌కి 'చుట్టు', రీద్‌కి 'చుట్టు'. రెస్ట్‌కి 'లాక్కొను'. ఏదీ తప్పు కాదు. జేబు డిక్షనరీలో అంతకంటే ఎక్కువ దొరకదు కూడా. కానీ రెండు వేర్వేరు తాళాలకు ఒకే తాళంచెవి రాసుకున్నట్టయింది. అడిగితే ఆవిడ గడగడా అప్పజెప్పగలరు. వాక్యంలో చూస్తే మాత్రం ఎవరు, దేన్ని, ఎలా తిప్పుతున్నారో కళ్లకు కట్టదు.

నేను రాతపరీక్ష పెట్టలేదు. ఒక తువ్వాలు ఇచ్చి, నేను చదివే వాక్యంలోని పనిని చేతులతో చేసి చూపమన్నాను. క్రియల విషయంలో దీనికి మించిన పరీక్ష నాకు తెలియదు. నోటితో చెప్పే అర్థం ఎంతైనా దాస్తుంది, చేతులు దాచలేవు. రింగ్ అన్నప్పుడు ఒంటిచేత్తో తువ్వాలు అంచు తిప్పారు. రెంచ్ అన్నప్పుడు రెండు చేతులతో నిదానంగా పిండారు. రైద్ అన్నప్పుడు మళ్లీ తువ్వాలే అందుకున్నారు. ఆ మాటకు తువ్వాలు అక్కర్లేదు, తిరగాల్సింది తన ఒళ్లే. రై, అంటే 'రై స్మైల్' అంటారే అది, అడిగితే మూతి వంకర పెట్టి వెక్కిరించారు. ఆవిడే నవ్వేసి, "ఇది కాదనుకుంటా" అన్నారు.

రెండో సమస్య చెవిది. ఆవిడ ఆడియో పుస్తకాలు వింటూ తెలియని మాటను ఫోన్లో టైపు చేసి అర్థం వెతికేవారు. పిండడాన్ని చెప్పే రింగ్ వినబడితే డబ్ల్యూ లేకుండా టైపు చేసేవారు, ఉంగరమూ గంట మోతా ఎదురయ్యేవి. పాత్ర ఆందోళనతో చేతులు నలుపుకుంటుంటే, చేతికి ఉంగరాలు తొడుక్కుంటోందని అనుకుని కథ ముందుకు నడిపించారట. పెళ్లి సన్నివేశం ఎంతకీ రాకపోయేసరికి అనుమానం వచ్చిందట.

జాబితా ఎందుకు దెబ్బతీస్తుంది

చాలామంది ఉపాధ్యాయులు నాతో ఇక్కడ విభేదిస్తారు. దగ్గరి అర్థమున్న మాటలను ఒకే గుంపుగా ఒకేసారి నేర్పితే బాగా గుర్తుంటాయని పాఠ్యపుస్తకాలు రాసేవాళ్ల నమ్మకం. థామస్ టింకమ్ 1993లోనూ 1997లోనూ ప్రచురించిన ప్రయోగాల్లో ఇది తలకిందులైంది. అర్థం రీత్యా ఒక వర్గానికి చెందిన కొత్త మాటలను కలిపి ఇస్తే, సంబంధం లేని మాటలను కలిపి ఇచ్చినప్పటికన్నా నేర్చుకోవడం కష్టమైంది. 1997లోనే రాబ్ వేరింగ్ జపనీస్ మాట్లాడేవాళ్లతో అదే ప్రయోగం మళ్లీ చేసి అలాంటి ఫలితమే చూశాడు. రూపం ఒకేలా ఉండే మాటలు తెచ్చే గందరగోళాన్ని బతియా లాఫర్ విడిగా అధ్యయనం చేసింది.

డబ్ల్యూ-ఆర్ పేజీలో ఈ రెండు తద్దినాలూ ఒకేచోట ఉన్నాయి. రూపమూ ఒకటే, అర్థమూ ఇంచుమించు ఒకటే. ఆపైన అన్నిటినీ ఒకే రోజు, ఒకే పేజీలో, ఒకదాని కింద ఒకటి నేర్చుకున్నారు. కలగాపులగం కాకపోతేనే ఆశ్చర్యం.

అయినా ఆ జంటను వదిలేయమని నేను చెప్పలేదు. ఆ మాటల మధ్య నిజమైన చుట్టరికం ఉంది, అది పనికొస్తుంది. నేను మార్చింది వరస ఒక్కటే. మాటలు విడివిడిగా, ఎడంగా రావాలి. ఒక్కోదానికీ తన కదలిక, తన వాక్యం స్థిరపడాలి. అవి కుదురుకున్నాకే కుటుంబం కథ చెప్పాలి. ఆ పేజీకి పిన్ను కొట్టి మూసేయమన్నాను. "ఇన్నాళ్లు కష్టపడి రాసిందే సార్" అన్నారు. చింపమనలేదు కదా, తర్వాత తెరుద్దామన్నాను.

ఒక్కో మాట, ఒక్కో కదలిక

రింగ్‌కి రెండు చేతులు కావాలి. రెండూ ఎదురెదురు దిక్కుల్లో తిరగాలి. లోపలున్నది బయటికి రావాలి. మన 'పిండు' దీనికి చక్కగా సరిపోతుంది. డబ్బు పిండడం అని మనమూ అంటాం, ఇంగ్లీషులో ఒప్పుకోలు కూడా పిండుతారు, ఇష్టం లేని మనిషి నుంచి బలవంతంగా రాబడతారు. చేతులు నలుపుకోవడం దగ్గర ఒక్కచోటే బయటికి వచ్చేదేమీ ఉండదు, ఆందోళన తప్ప. దీని భూతకాలం రంగ్, ఇక్కడ అచ్చు అక్షరం 'యు'. గంట మోగే రింగ్‌కైతే ర్యాంగ్ అనే భూతకాలం ఉంది, పిండే రింగ్‌కి ఆ రూపం లేదు. చెవితో చదివేవాళ్లకు ఇదొక గట్టి ఆనవాలు, ర్యాంగ్ వినబడితే అది కచ్చితంగా పిండడం కాదు.

రెంచ్‌లో అసలు సంగతి వేగం. ఒక్క గుంజు, దాంతో పాటే ఒక మెలిక. తర్వాత ఏదో ఒకటి జరిగి తీరాలి, బిగుసుకున్న తలుపు తెరుచుకుంటుంది, పిడి ఊడి వస్తుంది, లేదా చీలమండ బెణుకుతుంది. పనిముట్టుగా రెంచీ ఆవిడకు తెలుసు, క్రియగా తెలియదు. ఇష్టమైనచోటును వదిలి వెళ్లేటప్పటి బాధనూ నామవాచకంగా ఇదే మాటతో చెబుతారు. ఆ వాడుక నవలల్లో బాగా కనిపిస్తుంది. లోపల ఏదో ఒక్కసారిగా గుంజినట్టు అనుకుంటే చాలు.

రెస్ట్‌లో ఎప్పుడూ అవతల ఇంకొకడు ఉంటాడు. వాడి పట్టులో ఉన్నదాన్ని మెలితిప్పి విడిపించుకోవాలి. అందుకే వెనకాల దాదాపు ఎప్పుడూ 'ఫ్రమ్' వస్తుంది. కత్తి, తుపాకీ, అధికారం, పెత్తనం లాంటివి దీని కర్మలు. బల్ల మీద ఎవరిదీ కాకుండా పడున్న వస్తువును ఎవరూ రెస్ట్ చేయరు. 'లాక్కొను' అన్న ఆవిడ అర్థంలో లోపించింది ఈ పెనుగులాటే.

ఈ రెస్ట్‌కే చివర 'ఎల్-ఈ' తగిలిస్తే రెసిల్. కుస్తీ. ఇక్కడ కొంచెం ఎక్కువసేపే ఆగాను, ఎందుకంటే ఆ తోక చాలా మాటలకు ఉంది. పాత ఇంగ్లీషు కాలం నుంచీ అది ఒక పని మళ్లీ మళ్లీ జరగడాన్ని సూచిస్తుంది. మెరుపు రవ్వ స్పార్క్, అది మిలమిలలాడితే స్పార్కిల్. చిట్లితే క్రాక్, చిటపటలాడితే క్రాకిల్. తెలుగులో మాటను రెట్టించి ఏ పని చేయిస్తామో ఇంగ్లీషు ఆ తోకతో చేయిస్తుంది. ఒక్కసారి గుంజుకుంటే రెస్ట్, పట్టు వదలకుండా మళ్లీ మళ్లీ గుంజుకుంటుంటే రెసిల్. సమస్యతో రెసిల్ చేయడం కూడా అదే కుస్తీ, అవతలివైపు మనిషి లేడంతే.

రైద్‌కి పైనుంచి తిప్పేవాడు ఉండడు. నొప్పితోనో సిగ్గుతోనో మనిషి తనంతట తాను గిలగిల్లాడతాడు. రిగిల్ కూడా తన ఒంటితోనే, కానీ కదలిక చిన్నది, చురుకైనది, ఎక్కువగా తప్పించుకోవడానికి. వానపాము రిగిల్ అవుతుంది. బాధ్యత నుంచి జారుకునే మనిషీ అవుతాడు, అప్పుడు వెనక 'అవుట్ ఆఫ్' చేరుతుంది. ఈ రెండింటికీ మధ్య ఆవిడ ఒక మాటతో గీత గీసుకున్నారు. రైద్ అయ్యేవాడి మీద జాలేస్తుంది, రిగిల్ అయ్యేవాడి మీద నవ్వో చిరాకో వస్తుంది. నిఘంటువుల్లో ఈ తేడా ఇంత సూటిగా నాకు కనబడలేదు. ఆ తర్వాత నుంచి నేనూ అదే చెబుతున్నాను.

ఎక్కువ మొండికేసింది రై. మూడంటే మూడక్షరాలు: డబ్ల్యూ, ఆర్, వై. 'వంకర' అని రాసుకున్నారు. మాట మూలం అదే, సందేహం లేదు. కానీ తెలుగులో వంకర నవ్వు అంటే ఎదుటివాడిని వెటకారం చేసే నవ్వు, కడుపులో కుత్సితం ఉన్న నవ్వు. రై స్మైల్‌లో ఆ విషం లేదు. పెదవి ఒక పక్కకి లేస్తుంది. అనుకున్నదొకటి అయిందొకటి, దానికి ఏం చేస్తాం అన్నట్టు, చాలాసార్లు తన మీద తానే నవ్వుకున్నట్టు ఉంటుంది. దీనికి ఒక్క తెలుగు మాట వెతకడం మానేశాం. ఆ ముఖం పెట్టాల్సిన సందర్భాలు చెప్పించాను. ఆవిడ చెప్పిన మొదటిది: గొడుగు మోసుకుంటూ తిరిగిన రోజుల్లో వాన రాక, మర్చిపోయిన రోజున తడిసి ముద్దయినప్పుడు. అంతకంటే మంచి నిర్వచనం నా దగ్గర లేదు.

దీన్నుంచే అరై వచ్చింది, ముందు 'ఏ' చేరింది. పథకం తప్పుదోవ పట్టడం, చెదిరిపోవడం. ఆవిడ పుస్తకంలో చూసినప్పుడల్లా మనసులో 'ఆవ్రీ' అని చదువుకునేవారు. ఎవరి నోటనో విన్న అరై వేరే మాట అనుకునేవారు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లలోనూ ఈ పొరపాటు మామూలే. లోపల రై దాగుందని చూపించడంతో సమస్య తీరిపోయింది.

రీత్, రీద్, ర్యాప్, రింకిల్, రిస్ట్ పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. రీత్ పూలతోనో ఆకులతోనో అల్లిన వలయం. చివర 'ఈ' చేరి రీద్ అయితే క్రియ, పొగ కొండను చుట్టుకున్నట్టు. ర్యాప్ చేస్తే లోపలిది కనబడకుండా కప్పబడుతుంది, రీద్ చేస్తే చుట్టూ తిరుగుతుందే కానీ కప్పదు. అంతటితో సరి.

పిన్ను తీసిన రోజు

మాటలు చేతుల్లోకి వచ్చాయని తువ్వాలు పరీక్ష తేల్చాక ఆ పాత పేజీ తెరిపించాను. పక్కన ఖాళీ కాగితం పెట్టి, వీటన్నిటిలో ఉన్న ఒకే కదలికను గీయమన్నాను. ఆవిడ ఒక సుడి గీశారు.

అదే ఆ కుటుంబం. తిరగడం, వంగడం అనే అర్థమున్న ఒక అతిప్రాచీన ధాతువు నుంచి జర్మానిక్ భాషల్లో ఈ మాటలు పాయలుగా వచ్చాయని నిఘంటుకారులు చెబుతారు. రిస్ట్ మణికట్టు, అంటే చెయ్యి తిరిగే కీలు. రాత్ అంటే ఉగ్రకోపం, ఇది రైద్‌కి బంధువు, మనసు మెలితిరిగిన స్థితి. ఆ డబ్ల్యూ ఒకప్పుడు పలికేది. 17వ శతాబ్దం ముగిసేసరికి ప్రామాణిక ఇంగ్లీషు నోట అది జారిపోయింది, రాతలో మిగిలింది. డచ్చిలో పిండడాన్ని ఇప్పటికీ 'వ్రింగెన్' అంటారు. స్వీడిష్‌లో తిప్పడం 'వ్రీదా'. స్కాట్లండ్ ఈశాన్య మాండలికంలో రాంగ్‌ని 'వ్రాంగ్' అనేవాళ్లున్నారు.

ఆ రాంగ్ సంగతే ఆవిడకు బాగా నచ్చింది. అందరికీ తెలిసిన 'తప్పు', కానీ ఆ మాట పాత నార్స్ (స్కాండినేవియా పాత భాష) నుంచి వచ్చినప్పుడు దాని అర్థం వంకర. డబ్ల్యూ లేని రైట్, అంటే ఒప్పు, మొదట తిన్ననిది. ఇంగ్లీషు న్యాయశాస్త్రంలోని టార్ట్, అంటే నష్టపరిహారం అడగదగ్గ తప్పు, కూడా మెలితిరిగినదనే అర్థమున్న లాటిన్ మాట నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిందే. "మనం వంక పెట్టడం అంటాం కదా సార్, తిన్నగా ఉండు అని కూడా" అన్నారు. అవును, తెలుగుకూ ఇంగ్లీషుకూ ఇక్కడ చుట్టరికం లేదు, మనుషుల ఊహ ఒకే దారిన పోయిందంతే.

చుట్టరికం నిజంగా ఉన్నది సంస్కృతంతో. వృత్తం, వర్తులం, ఆవర్తనం, పరివర్తన అన్నిటికీ 'వృత్' ధాతువు, దాని అర్థం తిరగడమే. లాటిన్‌లో వెర్తెరే కూడా అదే, కన్వర్ట్, రివర్స్ దాన్నుంచి వచ్చాయి. డబ్ల్యూ-ఆర్ మాటల ధాతువు కూడా ఈ కుదురుదే. కాబట్టి ఆవిడ గీసిన సుడి పక్కన 'వృత్' అని రాసుకుంటే తప్పు లేదు. ఒక హద్దు మాత్రం గట్టిగా చెప్పాను: తెలుగులో వ, ర కనబడిన ప్రతిచోటా ఈ పని చేయకూడదు. వరం కోరుకోవడానికి సంబంధించిన వేరే ధాతువుది, వృక్షానికి దీనితో పొత్తు లేదు. ఇలాంటి సరదా మొదలైతే ఆపడం కష్టం, నాకూ తెలుసు.

కుటుంబంలో చేరనివి

కుటుంబం తెలిశాక కొత్త మాటను ఊహించగలరా అన్నది అసలు పరీక్ష. ఆవిడ ఎన్నడూ చూడని ర్యాంగిల్‌ని ఒక పేరాలో పెట్టాను. ఇద్దరు అన్నదమ్ములు ఆస్తి గురించి ఏళ్ల తరబడి ర్యాంగిల్ చేస్తున్నారు. "మెలిక ఉంది, ఎల్-ఈ తోక ఉంది... తెగని పేచీ?" అన్నారు. సరిగ్గా అదే. ఈ మాట రింగ్‌కి దగ్గరి చుట్టం.

తర్వాత కావాలనే రెచ్ పెట్టాను, రాతలో చివర 'టి-సి-హెచ్' ఉంటుంది. ఆవిడ 'మెలికల మనిషి, కుటిలుడు' అని ఊహించారు. కాదు. రెచ్ అంటే దీనుడు, దౌర్భాగ్యుడు. పాత ఇంగ్లీషులో వెళ్లగొట్టబడినవాడు, దేశం విడిచినవాడు. తరమడం అనే అర్థమున్న మరో మూలం ఇది. విధ్వంసమో కీడో కలిగించడాన్ని చెప్పే రీక్, ఓడ శిథిలాన్ని చెప్పే రెక్ ఈ రెండో ఇంటివే. అలలు ఒడ్డుకు తరిమి పడేసింది రెక్. ఇదే వెళ్లగొట్టబడినవాడు జర్మన్‌లో 'రెకె' అయి వీరుడిగా స్థిరపడ్డాడు, ఇంగ్లీషులో దౌర్భాగ్యుడిగా మిగిలాడు. అదృష్టాలు అలా ఉంటాయి.

రాయడాన్ని చెప్పే రైట్ మూడో రకం. మొదట దాని అర్థం గీరడం, చెక్కడం. రాయి మీదో చెక్క మీదో గీసిన గీతలే రాత. ప్లేరైట్‌లోని రైట్, అంటే తయారుచేసేవాడు, వర్క్‌కి చుట్టం. అచ్చూ ఆర్ చోట్లు మార్చుకోవడంతో డబ్ల్యూ పక్కన ఆర్ వచ్చి నిలబడింది. నాటకకర్తను రచయిత అనే అర్థంలో రాసే రైట్‌తో ముడిపెట్టి స్పెల్లింగ్ తప్పు రాసేవాళ్లు అందుకే అంతమంది. రాట్ ఐరన్, అంటే కొట్టి మలిచిన ఇనుము, అందులోని రాట్ కూడా వర్క్‌కి పాత భూతకాల రూపం. ఇక రెన్ ఒక చిన్న పిట్ట. అది తోక మెలితిప్పుతుందేమోనని ఆవిడ ఇంటర్నెట్‌లో వీడియోలు చూసి వచ్చారు. తోక నిక్కబొడుచుకుని ఉంటుంది, మెలి మాత్రం లేదు.

ఈ మినహాయింపులు కుటుంబం పట్టును సడలిస్తాయని భయపడేవాళ్లున్నారు. నా అనుభవం వేరు. 'ఇది ఆ ఇంటిది కాదు' అని ఎప్పుడు అనాలో తెలిసిన మనిషే ఆ ఇంటిని బాగా గుర్తుపెట్టుకుంటారు.

ఏం కుదిరింది, ఏం కుదరలేదు

చదవడంలో మార్పు స్పష్టంగా కనిపించింది. డబ్ల్యూ-ఆర్ మాట ఎదురైతే ఇప్పుడు ఆవిడ ఆగరు. తెలియనిదైతే మెలిక పెట్టి చూస్తారు, వాక్యం ఒప్పుకోకపోతే తరిమే ఇంటివైపు చూస్తారు, అదీ కాకపోతేనే డిక్షనరీ. నవలలు పూర్తి చేస్తున్నారు. ఆవిడ వచ్చింది దానికోసమే.

వినడంలో అంత లాభం లేదు, ఉండదు కూడా. డబ్ల్యూ కంటికే కానీ చెవికి లేదు. ఇంగితం అంతా చుట్టుపక్కల మాటల్లోనే వెతుక్కోవాలి. ముందు తడిగుడ్డో, చేతులో, ఒప్పుకోలో వినబడితే పిండడం, వేలో టెలిఫోనో వినబడితే మరొకటి. ఆడియో పుస్తకాన్ని ఈ పని కోసం అచ్చు పుస్తకం పక్కన పెట్టుకుని వినమన్నాను.

మాట్లాడటం, రాయడం ఇంకా గట్టిపడలేదు. తడిగుడ్డను రెంచ్ చేశానని రాస్తారు అప్పుడప్పుడు. అర్థం తెలిసినంత మాత్రాన జోడీలు కుదరవు, గుడ్డకు రింగ్, చీలమండకు రెంచ్, పెత్తనానికి రెస్ట్ అని మాటను దాని కర్మతో కలిపే పలకాలి. ఆ అభ్యాసం ఇప్పటికీ నడుస్తోంది.

మిగతా పేజీలు కూడా ఇదే వరసలో తెరిచాం, కానీ అన్నీ ఒకలా పండలేదు. 'ఎస్-ఎన్' పేజీలో ముక్కు ఉంది: స్నిఫ్, స్నోర్, స్నార్ట్, స్నౌట్, ముక్కు ఎగరేసి చూసే స్నీర్. ఇవన్నీ ఒక ధాతువు పిల్లలు కాకపోయినా శబ్దం అర్థాన్ని లాక్కుంటుంది. ఇలాంటి జంటకు భాషాశాస్త్రవేత్త జె.ఆర్. ఫర్త్ 1930లో 'ఫోనెస్తీమ్' అని పేరు పెట్టాడు. తుమ్మును చెప్పే స్నీజ్ మొదట ఎస్‌తో కాదు, ఎఫ్‌తో మొదలయ్యేది. తర్వాత ముక్కు మాటల గుంపులోకి జారుకుంది. స్నో, స్నేక్ ఆ గుంపులో లేవని చెప్పక్కర్లేకుండానే ఆవిడ పక్కన పెట్టేశారు.

'కె-ఎన్'లో సగమే కుటుంబం. నాట్, నాబ్, నకిల్, నోల్ అన్నిటా ఒక ముడో బుడిపో ఉంది. ముడులు వేసే నిట్ కూడా నాట్ బంధువే. నీ, నో మాత్రం వేరు, అవి మనకు ఇంకా దగ్గర. మోకాలిని చెప్పే నీకి సంస్కృతంలో జాను తోబుట్టువు, ఆజానుబాహుడిలో ఉన్నది అదే. తెలియడాన్ని చెప్పే నోకి జ్ఞానం తోబుట్టువు. జ్ఞలో ఉన్న జంట హల్లునూ కె-ఎన్‌నూ పక్కపక్కన రాసి చూపిస్తే, పలకని ఆ 'కె' ఎందుకుందని ఇంకెవరూ అడగరు.

ప్రస్తుతం 'టి-డబ్ల్యూ' నడుస్తోంది. ఇక్కడ పిన్ను తీయకముందే ఆవిడ పసిగట్టేశారు, అన్నిటిలోనూ రెండు ఉందని. ట్విన్ కవలలు, ట్వైస్ రెండుసార్లు, ట్వైన్ రెండు పోగుల పురి, ట్విల్ రెండు దారాల నేత, బిట్వీన్ ఇద్దరి నడుమ. ట్విస్ట్ కూడా రెండు పోగులు పెనవేయడం నుంచే వచ్చింది. రెండు కాళ్లుంటాయి కాబట్టి ట్వీజర్స్‌ని కూడా అదే వరసలో రాసుకొచ్చారు. అది మాత్రం ఫ్రెంచి 'ఎత్వీ' నుంచి, అంటే చిన్న పనిముట్లు పెట్టుకునే డబ్బా పేరు నుంచి వచ్చింది. దాన్ని కొట్టేయలేదు, రెన్ పిట్ట ఉన్న కాలమ్‌లోకి మార్చుకున్నారు.